దిగేటప్పుడు తెలుస్తుంది ఘాటీ సంగతి

సాలూరు దాటాక రోడ్డు పక్కన లారీలు వరసగా ఆగి ఉంటాయి. అన్నీ ఒడిశా వైపు వెళ్లేవే. డ్రైవరు కిందికి దిగి టైర్లను ఒక్కోదాన్నీ రాడ్డుతో తట్టి చూస్తాడు. క్లీనరు వెనక చక్రాల దగ్గర వంగి ఏదో పరీక్షిస్తాడు. సరుకు మీద కట్టిన తాడు ఇంకో రెండు పీకులు పీకి బిగిస్తాడు. తర్వాత ఇద్దరూ తీరిగ్గా టీ తాగుతారు. రేపు తెల్లారేసరికి సరుకు కొరాపుట్‌లోనో జగదల్‌పూర్‌లోనో దించాల్సిందే అయినా సరే, వాళ్ల ముఖాల్లో తొందర కనిపించదు. ఎందుకంటే ముందున్నది ఘాటీ.

సరిగ్గా అప్పుడే ఆ పక్కనుంచి ఒక కారు రయ్యిమని పోతుంది. నలుగురు పట్టే దాంట్లో ఆరుగురుంటారు. వెనక అద్దంలోంచి పులిహోర గిన్నె మూత, పిల్లల టోపీలు కనిపిస్తుంటాయి. ఆదివారం, సెలవు, పైన పొగమంచు ఉందని ఎవరో చెప్పారు... ఇంకేం కావాలి? లారీవాళ్లు పావుగంట ఎందుకు ఆగారో ఆ కారులో వాళ్లకి తెలీదు. సాయంత్రం తిరిగి దిగేటప్పుడు కొంచెం తెలుస్తుంది. తెలియకుండానే క్షేమంగా ఇంటికి చేరేవాళ్లూ ఉంటారు, అది వాళ్ల అదృష్టం.

వేగావతి ఒడ్డునున్న సాలూరుకి లారీల ఊరని పేరు. విజయవాడ తర్వాత ఎక్కువ లారీలున్నది ఇక్కడేనని ఆ చుట్టుపక్కల గొప్పగా చెప్పుకుంటారు. బాడీ కట్టేవాళ్లు, టైర్ల షాపులు, స్ప్రింగులు సరిచేసే కొలుములు, రంగులేసి వెనకాల పువ్వులూ పేర్లూ రాసే పెయింటర్లు... సగం ఊరికి లారీయే అన్నం పెట్టింది. ఇంత చిన్న ఊళ్లో ఇన్ని లారీలేమిటని అడిగితే జవాబు కొండ వైపు చూస్తే దొరుకుతుంది. బొబ్బిలి నుంచి సాలూరుకి 1913లోనే రైలొచ్చింది. వచ్చి అక్కడితో ఆగిపోయింది. ఎదురుగా గోడలా తూర్పు కనుమలు. రాయపూర్ వెళ్లాల్సిన అసలు లైను పార్వతీపురం మీదుగా, నాగావళి లోయ పట్టుకుని రాయగడ వైపు చుట్టు తిరిగి వెళ్లింది. అది పూర్తయ్యేసరికి 1931. సాలూరు దగ్గర మాత్రం పట్టాలు ఆగిన చోట చక్రాలు మొదలయ్యాయి. మొదట బళ్లు, తర్వాత లారీలు.

సాలూరు సముద్ర మట్టానికి దాదాపు నాలుగు వందల అడుగుల ఎత్తులో ఉంటుంది. కొండ మీది కొరాపుట్ పీఠభూమి మూడు వేల అడుగులకి దగ్గర. ఆ తేడాని లారీ ఎక్కగలిగేట్టు చెయ్యడమే ఘాట్ రోడ్డు పని. ఇరవై అడుగులు ముందుకి వెళ్తే ఒక్క అడుగు పైకి లేచేట్టు రోడ్డు వేశారనుకోండి. 600 మీటర్లు ఎక్కడానికి 12 కిలోమీటర్ల రోడ్డు కావాలి. కొండకి అంత వెడల్పు ఉండదు కాబట్టి రోడ్డు వెళ్లిన వైపే మళ్లీ తిరిగొస్తుంది, జడపిన్ను మెలికలాగా. పాచిపెంట మండలం పి.కోనవలస దగ్గర మొదలయ్యే మలుపులు ఆ లెక్కలోంచి పుట్టినవే. తమిళనాడులో కొల్లి కొండలకి వెళ్లే దారిలో ఇలాంటివి 70 ఉన్నాయి. మన ఘాటీకి అంత గొప్ప లేదు. గొప్పల కోసం వేసిన రోడ్డు కాదది, బతుకుతెరువు కోసం వేసింది.

పాతవాళ్లు దీన్ని ఇప్పటికీ నలభై మూడు అంటారు. రాయపూర్-విజయనగరం జాతీయ రహదారి నంబరది. 2010లో దేశమంతా నంబర్లు మార్చినప్పుడు 26 అయింది. నంబరొక్కటేనా, ఈ ఘాటీకి జిల్లాలు కూడా మారుతూనే ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా కింద సాలూరూ పైన కొరాపుట్, జయపురం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లావే. అంటే ఈ మలుపులన్నీ ఒకే జిల్లాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయే దారి! ఆ రోజుతో కొండ కొస పక్క రాష్ట్రానికి వెళ్లింది. కింద మిగిలిన సాలూరు తాలూకా 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి, 1979లో విజయనగరం జిల్లాలోకి, 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. కోనవలసలో నూరేళ్లు బతికిన ముసలమ్మ ఎవరైనా ఉంటే, గుమ్మం దాటకుండానే నాలుగు జిల్లాల్లో కాపురం చేసినట్టు. పైనున్న కొటియా గ్రామాల సంగతి ఇంకా చిత్రం. అవి ఎవరివన్నది రెండు రాష్ట్రాల మధ్య దశాబ్దాలుగా నలుగుతున్న తగువు. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

సరే, ఎక్కడం మొదలుపెడదాం.

మొదటి నాలుగు మలుపుల దాకా కారులో అందరూ కబుర్లే. అయిదో మలుపులో వెనక సీటు పిల్ల మాటలు తగ్గుతాయి. ఏడో మలుపులో వాళ్లమ్మ సంచీలో నిమ్మకాయ వెతుకుతుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఒళ్లో ఫోనో పుస్తకమో పెట్టుకుంటే కళ్లు కదలడం లేదంటాయి, చెవి లోపలి సమతూకం చూసే భాగం గిర్రున తిరుగుతున్నామంటుంది. ఇద్దరి సాక్ష్యం కుదరక మెదడు కడుపు మీద తీర్పు చెబుతుంది. డ్రైవరుకి మాత్రం ఎందుకు రాదంటే మలుపు రాబోతోందని అతనికి ముందే తెలుసు కాబట్టి. వాంతులొచ్చేవాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టి దూరంగా రోడ్డు మీదికి చూడమనండి. అద్దం కాస్త దించండి. కొండ ఎక్కబోయే ముందు పూరీలు కుడుముకోవద్దు. చెవులు దిబ్బడ వేస్తే గుటక మింగితే చాలు, లేదా ఆవులించాలి.

అద్దం దించితే ఇంకో లాభం కూడా ఉంది. ఘాటీలో కంటికంటే చెవే ముందు. మలుపు అవతల రొప్పుతూ వచ్చే లారీ కనబడదు, వినబడుతుంది. ఏసీ వేసి, పాటలు పెట్టి, అద్దాలు బిగించుకుంటే ఆ కబురు అందదు. అలాగే రోడ్డు మీద పచ్చని కొమ్మలు విరిచి పడేసి ఉంటే అవి గాలికి విరిగినవి కాదు. ముందు మలుపులో లారీ ఆగిపోయిందని క్లీనరు రాసిన ఉత్తరం అది. ఇంకొక సంగతి, బండి ఆగినప్పుడు చక్రాల కింద పెట్టిన రాళ్లని బండి బాగయ్యాక చాలామంది అక్కడే వదిలేసి పోతారు. రాత్రిపూట ఆ రాయి ఒక మోటారుసైకిలు ప్రాణం తీస్తుంది. బండిని కాపాడిన రాయిని పక్కకి దొర్లించడానికి ఎంతసేపు పడుతుంది?

ఇరుకు చోట రెండు బండ్లు ఎదురైతే ఎవరు ఆగాలి? ఎక్కేవాడికి దారి ఇచ్చి దిగేవాడు ఆగాలి. ఇది మర్యాదే కాదు, మన దేశంలో రోడ్డు నియమాల్లో రాసి ఉన్న మాట. బరువుతో ఎక్కే లారీ ఒకసారి ఆగితే మళ్లీ కదలడం కష్టం. క్లచ్ వదిలి యాక్సిలరేటరు అందుకునే ఆ ఒక్క క్షణంలో వెనక్కి జారుతుంది. దిగేవాడు బ్రేకు తొక్కితే ఆగుతాడు, వదిలితే కదులుతాడు. ఈ చిన్న సంగతి తెలీక కారువాళ్లు హారన్ మీద చెయ్యి తియ్యకుండా లారీని అదిలిస్తుంటారు. లారీ డ్రైవరు కిటికీలోంచి ఏదో అంటాడు. ఆ మాట పిల్లలకి వినబడకపోవడమే మంచిది.

సుంకి దగ్గర ఒడిశా చెక్‌పోస్టు. అక్కడికొచ్చేసరికి గాలి మారుతుంది. ఇంకా పైకి వెళ్తే పొట్టంగి. ఆ పక్కనే 1,672 మీటర్ల దేవమాలి, ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం. చలికాలం పొద్దున్నే వెనక్కి తిరిగి చూస్తే సాలూరు మైదానమంతా మంచు కింద పాలసముద్రంలా ఉంటుంది. వానాకాలమైతే ప్రతి మలుపుకీ ఒక గెడ్డ నురగలు కక్కుతూ దూకుతుంటుంది. రోడ్డు పక్కన కొండ చీపుళ్లు, సీతాఫలాలు, పనసకాయలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు కనిపిస్తారు. బేరమాడకుండా కొంటే కొండ దిగాక ఇంట్లో ఎవరూ మిమ్మల్ని మోసపోయారనరు.

ఉత్తరాంధ్రలో కుటుంబాలకి బాగా తెలిసిన ఘాటీ మాత్రం ఇది కాదు, అరకుది. అదీ విజయనగరం జిల్లాలోనే మొదలవుతుంది, శృంగవరపుకోట దగ్గర. టైడా, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట మీదుగా కాఫీ తోటల నీడలో ఎక్కుతుంది. గోస్తని నది పుట్టింది ఆ కొండల్లోనే. బొర్రా గుహల్లోంచి వచ్చి, ఎస్.కోట దగ్గర తాటిపూడి జలాశయంలో చేరే నీళ్లవి. నవంబరు, డిసెంబరుల్లో పైన వలిసె పూలు పసుపు ఆరబోసినట్టు ఉంటాయి. బొంగు చికెన్ సంగతి చెప్పక్కర్లేదు.

ఈ కొండని రైలు కూడా ఎక్కుతుంది. విజయనగరం జిల్లా కొత్తవలస నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ దాకా 1960లలో వేసిన కె.కె. లైనులో 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు ఉన్నాయి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కడి నుంచి జపాన్‌కి పంపడానికి వేసిన దారి. శిమిలిగూడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. కశ్మీరు లోయలో రైలు నడిచేదాకా దేశంలో బ్రాడ్‌గేజి మీద ఇంత ఎత్తున స్టేషను లేదు. (కొరాపుట్ దగ్గర సెమిలిగూడ అని ఇంకో ఊరుంది. పేర్లు ఒకలాగే ఉన్నాయని టికెట్టు కొనేటప్పుడు తికమక పడకండి.) పర్యాటకులు సొరంగాలు లెక్కపెట్టుకుంటూ ఎక్కుతారు. రైల్వేవాళ్ల గుండె దడ మాత్రం దిగే రైళ్ల గురించి. ఎందుకంటే ఈ దారిలో ఎక్కేవి ఖాళీ వ్యాగన్లు, దిగేవి వేల టన్నుల ఖనిజం నింపుకున్నవి.

ఎక్కే బండి అలిసిపోతే ఆగిపోతుంది. అంతకంటే చెడ్డ జరగదు. ఇంజను వేడెక్కి రేడియేటరు ఆవిర్లు కక్కొచ్చు, క్లచ్ కమురు వాసన రావచ్చు. పక్కకి తీసి, చల్లారబెట్టుకుని మళ్లీ బయల్దేరవచ్చు. దిగే బండి అలిసిపోతే అలా కాదు. అప్పుడది ఆగదు.

దీని వెనక ఒక లెక్కుంది. సరుకుతో కలిపి 25 టన్నుల లారీ 600 మీటర్ల ఎత్తు నుంచి దిగిందనుకోండి. అంత ఎత్తుకి ఎక్కడానికి డీజిలు కాల్చి కూడబెట్టిన శక్తి అంతా ఎక్కడికో పోవాలి. వేగంగా మారకూడదంటే వేడిగా మారాలి. ఆ వేడి 40 యూనిట్ల కరెంటుతో సమానం. మామూలు నీళ్లు నాలుగు వందల లీటర్లకి పైగా సలసలా మరిగించవచ్చు, ఒక చిన్న పెళ్లికి స్నానాలకి సరిపడా! అదంతా చక్రాల్లోని బ్రేకు డ్రమ్ముల్లోనే పుట్టిందంటే ఏమవుతుంది? డ్రమ్ము కాగి సాగుతుంది. లైనరు కాగి జారుడెక్కుతుంది. డ్రైవరు తొక్కుతూనే ఉంటాడు, పట్టు మాత్రం ఉండదు. కార్లలోనైతే బ్రేకు ఆయిలు మరిగి బుడగలు కట్టి, పెడలు దూది మీద కాలేసినట్టు లోపలికి పోతుంది. బ్రేకులు ఫెయిలయ్యాయని మర్నాడు పేపర్లో వస్తుంది. నిజానికి చాలాసార్లు అవి విరిగిపోవు, ఉడికిపోతాయి.

దీనికి మందు కొత్తదేం కాదు. కొండని ఏ గేరులో ఎక్కగలరో ఆ గేరులోనే దిగాలి. రెండో గేరులో ఉన్న ఇంజను బండిని ముందుకి లాగదు, వెనక్కి పట్టుకుంటుంది. పుట్టాల్సిన వేడిలో పెద్ద భాగం ఇంజనులోంచి, సైలెన్సరులోంచి గాలిలోకి పోతుంది. బ్రేకు అప్పుడప్పుడు గట్టిగా తొక్కి వదలడానికే మిగులుతుంది. పాదం బ్రేకు మీదే ఆనించి కిలోమీటర్ల కొద్దీ దిగడం అన్నిటికన్నా ప్రమాదం. ఆటోమేటిక్ కార్లకీ ‘ఎల్’ అనో, చిన్న గేరులో ఉంచే ఏర్పాటో ఉంటుంది. కొన్న రోజు షోరూములో చెప్పే ఉంటారు, ఆ రోజు మనం స్వీట్ల డబ్బా హడావిడిలో విని ఉండం. ఇక డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్ల గురించి... మిగిలే డీజిలు ఒక టీ ఖరీదు ఉంటుంది. పోయేదేమిటో చెప్పక్కర్లేదు.

నమ్మకం కుదరకపోతే తిరుమలని గుర్తుచేసుకోండి. తెలుగు కుటుంబాల్లో ఎక్కువమంది చూసిన ఘాట్ రోడ్డు అదే. 1944లో వేసిన మొదటి దారి ఇప్పుడు దిగడానికి, 1974లో వేసిన రెండోది ఎక్కడానికి. ఎదురు బండి బాధ లేదు. అయినా దేవస్థానంవారు పెట్టిన లెక్క చూడండి, ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలి. అంతకంటే ముందే కిందికొస్తే తప్పు. బరువెత్తి ఎక్కడానికి తక్కువ సమయమూ, తేలిగ్గా జారిపోవడానికి ఎక్కువ సమయమూ! పైపైన చూస్తే తలకిందుల లెక్కలా ఉంటుంది. అలా అనిపించేవాళ్ల కోసమే ఆ నియమం. సాలూరు, అరకు ఘాటీల్లో ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకే రోడ్డు పంచుకోవాలి. టైము చూసి చీటీ ఇచ్చేవాళ్లుండరు. ఆ నలభై నిమిషాలు ఎవరి చీటీ వాళ్లే రాసుకోవాలి.

2021 ఫిబ్రవరిలో అరకు చూసి తిరిగొస్తున్న హైదరాబాద్ కుటుంబాల బస్సు అనంతగిరి దగ్గర డముకు మలుపులో లోయలోకి పడింది. నలుగురు చనిపోయారు. చీకటి పడ్డాక, తిరుగు ప్రయాణంలో, దిగేటప్పుడు. ఘాటీ తెలిసినవాళ్లు ఈ మూడు మాటలు వినగానే తలదించుకుంటారు. ఏ ప్రమాదానికి ఏది కారణమో తేల్చాల్సింది దర్యాప్తు చేసేవాళ్లు. కానీ పర్యాటకుల రోజంతా ఎలా గడుస్తుందో ఒక్కసారి ఆలోచించండి. తెల్లవారుజామున లేచి ఎక్కుతారు. గుహలు, తోటలు, మ్యూజియం, భోజనం, ఫోటోలు. ఇంకొక్క చోటు, ఇంకొక్క చోటు అంటుండగా పొద్దు వాలుతుంది. డ్రైవరు మాత్రం పొద్దుటి నుంచీ అదే సీట్లో ఉన్నాడు. అందరికంటే అలిసిపోయిన మనిషికి, అందరికంటే కష్టమైన పని, వెలుతురు పోయాక అప్పజెబుతాం. వెనకనుంచి “త్వరగా పోనీ బాబూ, పిల్లలకి రేపు స్కూలుంది” అని ఒక మాట కూడా. మధ్యాహ్నం మూడింటికే బయల్దేరితే చూడకుండా మిగిలిపోయేది ఒక జలపాతం. అది వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది.

అమెరికా, ఐరోపా కొండదారుల్లో అక్కడక్కడా ఒక పిల్లదారి ప్రత్యేకంగా వేస్తారు. పక్కకి చీలి పైకి ఎక్కుతుంది, నిండా వదులు కంకర పోసి ఉంటుంది. బ్రేకులు పోయిన లారీ అందులోకి దూరితే చక్రాలు కూరుకుని దానంతటదే ఆగుతుంది. అలాంటి దారి దగ్గర్లో లేనప్పుడు డ్రైవరుకి మిగిలేది ఒకటే, లోయని వదిలి కొండ వైపు గట్టుకి బండిని రాసుకుంటూ పోవడం. బండి పాడవుతుంది, సరుకు పాడవుతుంది. మనిషి మిగులుతాడు. కొండ వైపు నుజ్జయిన క్యాబిన్‌తో, కాలు విరిగిన డ్రైవరుతో కనిపించే లారీని చూసి అయ్యో అనుకుంటాం. ఆ క్షణంలో అతను సరైన వైపు తిప్పాడు.

వానాకాలం గురించి ఒక్క మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ కొండల్లో చెట్లు, బండలు, మట్టి కలిసి రోడ్ల మీదికి జారాయి. అంత పెద్ద తుపాను అక్కర్లేదు, రెండు రోజుల ముసురు చాలు. రోడ్డు మీదికి అప్పుడే చిన్న చిన్న రాళ్లు దొర్లిపడి, కొండ గోడనుంచి ఎర్రనీళ్లు కారుతుంటే అక్కడ ఆగి ఫోటో తీసుకోవద్దు. మంచులో పెద్దలైటు వేస్తే తెల్లగోడ కనబడుతుంది తప్ప రోడ్డు కనబడదు, డిమ్ములోనే వెళ్లాలి. అది కూడా పనిచేయకపోతే వెడల్పైన చోటు చూసి ఆగి టీ తాగడమే.

ఇదంతా రోడ్డున్న కొండల మాట. పాలకొండ నుంచి సీతంపేట వెళ్తే అక్కడా ఘాటీలే. పెద్ద ఎత్తులు కావుగానీ పచ్చదనం కళ్లు చెదరగొడుతుంది. అనాసపళ్ల కాలంలో వారపు సంతల్లో పండ్ల గుట్టలు చూడాల్సిందే. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం. ఆడలి వ్యూ పాయింటు నుంచి చూస్తే మెలికలు తిరిగిన రోడ్డు కింద దారంలా కనిపిస్తుంది. ఆ దారం ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. దాని తర్వాత కూడా ఊళ్లుంటాయి, సవరలవి, జాతాపులవి. ఎస్.కోట మండలం దారపర్తి వైపు కొండల మీదా అంతే. నెలలు నిండిన ఆడమనిషికి నొప్పులొస్తే కర్రకి దుప్పటి కట్టి, అందులో పడుకోబెట్టి, ఇద్దరేసి భుజాలు మార్చుకుంటూ మోస్తారు. డోలీ. 108 అంబులెన్సు 2005 నుంచి తిరుగుతోంది, కానీ రోడ్డు ఆగిన చోటే అదీ ఆగుతుంది. ఎక్కడం కష్టమా దిగడం కష్టమా అని వాళ్లని అడగండి. వానకి నానిన రాళ్ల మీద, భుజాన ఇద్దరి ప్రాణాలతో, కిందికి. వాళ్లకి గేర్లు లేవు, మోకాళ్లే బ్రేకులు.

2024 డిసెంబరులో మక్కువ మండలం బాగుజోల దగ్గర, ఇలాంటి కొండ గ్రామాల రోడ్లకి ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ శంకుస్థాపన చేశారు. కార్లలో వెళ్లేవాళ్లు ఘాట్ రోడ్డుని చూడ్డానికి వెళ్తారు. ఆ ఊళ్ల వాళ్లు ఘాట్ రోడ్డు రావడానికి ఎదురుచూస్తారు. అక్కడ ఒక్కో మలుపూ ఒక ఆసుపత్రికి అంత దగ్గర. వ్యూ పాయింటులో నిలబడి ఫోటో తీసుకుంటున్నప్పుడు కింద కాలిబాటలో నలుగురు ఏదో మోసుకొస్తూ కనిపిస్తే అది కట్టెల మోపు కాకపోవచ్చు. కారు దగ్గర్లో ఉంటే ఒక సీటు ఖాళీ చెయ్యవచ్చు.

సాలూరు ఘాటీకి ఇప్పుడొక పోటీ వచ్చింది. రాయపూర్ నుంచి విశాఖపట్నానికి ఆరు వరసల కొత్త రహదారి, మొత్తం 464 కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్ భాగానికి 2022 నవంబరులో విశాఖలో ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. ఈ దారిలో కొండ అడ్డొస్తే చుట్టూ తిరగరు, తొలిచేస్తారు. సొరంగాల్లోంచి చదునుగా, నేరుగా. డ్రైవర్లకి మంచిదే. వేడెక్కిన డ్రమ్ముల భయం లేని దారి ఎవరికి చేదు? మరి కోనవలస పాకల్లో టీ, సాలూరులో స్ప్రింగుల కొలుములు ఏమవుతాయన్నది వేరే ప్రశ్న. 1913లో పట్టాలు ఆగిపోవడం వల్ల బతికిన ఊరది. బరువు బండ్లన్నీ సొరంగాల వైపు మళ్లితే పాత ఘాటీకి మిగిలేది కొండ ఊళ్ల జీపులు, బస్సులు, ఆదివారం కార్లు. రోడ్డు ఖాళీగా ఉంది కదాని ఆ కార్లు ఇంకాస్త వేగంగా దిగుతాయేమో.

ప్రస్తుతానికి కోనవలస దాటి కిందికొచ్చిన లారీలు సాలూరు వైపు రోడ్డు పక్కన ఆగుతాయి, పొద్దున ఎక్కబోయే ముందు ఆగినట్టే. క్లీనరు దిగి వెనక చక్రం దగ్గరికి చెయ్యి పోనిస్తాడు. ముట్టుకోడు, బెత్తెడు దూరంలోనే ఆపుతాడు. సెగ తెలుస్తుంది. కొత్త కుర్రాడైతే పక్కనున్న గెడ్డలోంచి బకెట్టు నీళ్లు తేబోతాడు. డ్రైవరు వద్దంటాడు. కాగిన డ్రమ్ము మీద చన్నీళ్లు పోస్తే చిట్లుతుంది, దానంతటదే చల్లారాలి. అందాకా ఇద్దరూ టీ తాగుతారు. పక్కనుంచి ఆదివారం కారు ఇంకొకటి కమురు వాసన కొడుతూ దిగిపోతుంది. లోపలి వాళ్లు అది లారీల వాసనే అనుకుని అద్దాలు ఎత్తుకుంటారు.